పుట్టిన గడియ – పిల్లల బరువు
(మైలవరంలో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సర్వీసు రిజిస్టర్లు తిరగేస్తే చాలామందికి పుట్టిన తేదీ జూలై 1. బడిలో వేసిన నాడు మాస్టారు వ్రాసినదే తేదీ. ఆ తేదీతోనే రిటైరయ్యాము, పెన్షను తీసుకుంటున్నాము. ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు తేదీని ముందే వ్రాసి, బిడ్డను ఆ తేదీకి బయటకు తీస్తున్నారు.

అలా తీయించిన వారిలో నేనొకడిని. మా మనవడికి పంచాంగం చూసి ముహూర్తం పెట్టినది నేనే. ఇంకో రెండు వారాలు ఆగవచ్చునని డాక్టరమ్మ అన్నారు. ఆ తరువాత అంత మంచి నక్షత్రం దొరకదని నేను పట్టుబట్టాను. 37 వారాలకే ఆపరేషన్. బిడ్డ రెండుంపావు కిలోలు.

గర్భంలో బిడ్డకు కొవ్వు పట్టేది, ఊపిరితిత్తులు, మెదడు పక్వానికి వచ్చేది ఆ చివరి వారాలలోనేనట. టెంక ముదరని బంగినపల్లి కోసి మాగబెడితే రంగే గాని రుచి రాదని మన వైపు చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. నాకు తెలియకపోయింది చూడండి! పిల్లవాడు సన్నగా ఉన్నాడని ఇంటిల్లిపాదిమీ పోటీపడి డబ్బాపాలు పట్టాము. ఏడాది తిరిగేసరికి బొద్దుగా తయారయ్యాడు. మురిసిపోయి దిష్టి తీశాము. ఇప్పుడు తొమ్మిదేళ్ళు, 46 కిలోలు. బడిలో మెట్లెక్కితే ఆయాసం. తోటిపిల్లలు ఆటలో చేర్చుకోరని నాతోనే చెప్పుకుంటాడు.

తక్కువ బరువుతో పుట్టి త్వరత్వరగా బరువెక్కిన పిల్లలకు మున్ముందు ఊబకాయం, షుగరు, బి.పి. ముప్పు ఎక్కువని వైద్యులంటారు. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు 1980ల నుండి ఈ సంబంధాన్ని వెదికినవాడే. ఆపరేషన్‌తో పుట్టిన పిల్లలలో ఊబకాయం కొంత ఎక్కువని కూడా పరిశోధనలున్నాయి. అది ఆపరేషన్ వల్లనా, తల్లి బరువు వల్లనా అన్నది ఇంకా తేలలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు దేశమంతటా నూటికి 21.5 అయితే మన ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. అన్నీ ముహూర్తాల పుణ్యమే అనను. ప్రాణం మీదికి వస్తే ఆపరేషన్ చేయవలసిందే. కారణం లేనిదే 39 వారాలు నిండకుండా తీయరాదన్నదే వైద్యుల మాట.

మొన్న చిన్నకోడలికి నెలలు నిండుతున్నాయని, మంచిరోజు చూడమని వియ్యంకులు ఫోను చేశారు. "బావగారూ, నొప్పులు వచ్చి బిడ్డ పుట్టిన తరువాత టైము చెప్పండి, అప్పుడు నక్షత్రం చూస్తాను" అన్నాను. ఆయనకు కోపం వచ్చినట్లుంది, ఇంకా మళ్ళీ ఫోను చేయలేదు.