టియర్ ఫోర్ ఫైనల్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘంవాళ్లు నాకు పది నిమిషాలు ఇచ్చారు. "అన్నా, అందరూ చదువుల గురించే చెప్తున్నరు, నువ్వు ఆటల గురించి చెప్పు" అన్నారు. ఆటలంటే మన బడిలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ఆడపిల్లలకు టెన్నికాయిట్. అయినా నేను ఈ రోజు మాట్లాడేది టెన్నిస్ గురించే. 2005 ఫిబ్రవరి 12, శనివారం నాడు హైదరాబాద్ ఎల్బీ స్టేడియం ప్రాంగణంలో, మన పెద్దలు ఫతే మైదాన్ అనే చోట, ఒక ఫైనల్ జరిగింది. దాన్ని నేను గ్యాలరీలో కూర్చుని చూశాను.

దాని పేరు హైదరాబాద్ ఓపెన్. ఓపెన్ అనగానే వింబుల్డన్ లాంటిదేమో అనుకోకండి. మహిళల టెన్నిస్ నడిపే డబ్ల్యూటీఏ అప్పట్లో తన టోర్నమెంట్లను అయిదు మెట్లుగా పెట్టింది, టియర్ వన్ నుంచి టియర్ ఫైవ్ వరకు. గ్రాండ్‌స్లామ్‌లు ఈ లెక్కకు పైన. మనది టియర్ ఫోర్, అంటే కింది నుంచి రెండో మెట్టు. ప్రైజ్ మనీ అంతా కలిపి 1,40,000 డాలర్లు. మనకు పెద్ద మొత్తమే గానీ ఆ ఆటలో చిన్నదే. మొదటి పది ర్యాంకుల్లో ఉన్నవాళ్లు ఇలాంటి చోటికి రావడం అరుదు. వచ్చేవాళ్లు ఎక్కేవాళ్లో, దిగేవాళ్లో అయి ఉంటారు. ఎవరు ఎటు పోతున్నారో ఆ రోజు చూస్తున్నవాడికి తెలియదు. నా దృష్టిలో కింది మెట్టు టోర్నమెంట్ల రుచి అంతా అందులోనే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఈ టోర్నమెంటు 2003లో మొదలైంది. ఆ ఏడు థాయ్‌లాండ్ అమ్మాయి తామరిన్ తనసుగార్న్ గెలిచింది. 2004లో ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ గెలిచింది. అదే 2004లో డబుల్స్ ఫైనల్‌లో మన సానియా మీర్జా, లీజెల్ హ్యూబర్ జోడీ చైనా అమ్మాయిలు లీ టింగ్, సున్ తియాన్‌తియాన్‌లను ఓడించింది. ఆ చైనా జోడీయే అదే ఏడు ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టింది. ఫతే మైదాన్‌లో ఆ ఫైనల్ చూసిన జనం ఒలింపిక్ చాంపియన్లు కాబోయే వాళ్లను చూశారు. అప్పటికి వాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఇక 2005. జనవరిలో సానియా వైల్డ్ కార్డు మీద ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడింది. వైల్డ్ కార్డు అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు పిలిచి ఇచ్చే చోటు. మూడో రౌండ్‌లో సెరీనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6 తేడాతో ఓడిపోయింది. ఆ రెండో సెట్ టీవీలో చూసినవాళ్లెవరూ దాన్ని ఓటమి అనుకోలేదు. అప్పటిదాకా టెన్నిస్ అంటే లియాండర్ పేస్, మహేశ్ భూపతి అనుకున్న ఊళ్లలో కూడా హోటళ్ల దగ్గర, కటింగ్ షాపుల్లో ఈ పిల్ల పేరే. వచ్చే నెల ఆమె సొంత ఊరిలోనే ఆడుతుందని తెలిసి, ఇక ఆగడం నా వల్ల కాలేదు.

అజీజ్‌నగర్ నుంచి ఫతే మైదాన్‌కు పోవడం అప్పట్లో అంత తేలిక కాదు. ఔటర్ రింగ్ రోడ్డు ఇంకా లేదు. చేవెళ్ల వైపు నుంచి వచ్చే బస్సు ఎక్కి పోలీస్ అకాడమీ, లంగర్‌హౌజ్ దాటి మెహిదీపట్నంలో దిగాలి. అక్కడ ఇంకో బస్సు పట్టుకోవాలి. మీలో సగం మంది ఇంటర్‌కూ డిగ్రీకీ ఆ దారిలోనే తిరిగారు, నేను చెప్పేదేముంది.

టీవీలో టెన్నిస్ చూసినవాళ్లకు ఒక్క మాట. కెమెరా ఎత్తు మీద, ఒక ఆటగత్తె వెనక నుంచి చూపిస్తుంది. అందుకే బంతి నిదానంగా పోతున్నట్టు ఉంటుంది. కోర్టు పక్కన కూర్చుంటే లెక్క వేరు. బంతి వస్తున్నది కనబడేలోపే పోయి ఉంటుంది. దెబ్బ పడ్డ చప్పుడును బట్టి అది సరిగ్గా తగిలిందో లేదో నాలుగు గేముల్లో చెవికి తెలిసిపోతుంది. సానియా ఫోర్‌హ్యాండ్ చప్పుడు వేరే. వాలీబాల్ స్మాష్ గట్టి నేల మీద పడ్డప్పుడు మన గ్రౌండ్‌లో వినిపించేది చూడండి, అటువంటిది. ఇంకోటి, పాదాలు. టీవీ పాదాలను చూపించదు. ఒక్క పాయింట్‌కు ఎన్ని చిన్న చిన్న అడుగులు వేస్తారో, బూట్లు ఎట్లా కిచకిచలాడతాయో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

అవతల ఉన్నది ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకో. ఆమెకు 20 ఏళ్లు, సానియాకు 18. మొదటి సెట్ 6-4తో సానియాదే. జనం లేచి నిలబడ్డారు, పని అయిపోయినట్టే. రెండో సెట్ 7-5తో బొండరెంకో లాక్కుంది. అప్పుడు గ్యాలరీలో పడ్డ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది. పెళ్లి పందిట్లో కరెంటు పోయినట్టు ఉంది. నా పక్కన ఒక పెద్దాయన, పాతబస్తీ మనిషి, జేబులోంచి తస్బీ తీసి తిప్పడం మొదలుపెట్టాడు. అట్లాంటి చోట చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నవాళ్లూ లేకపోలేదు, అందులో ఒకడు మీ ముందే ఉన్నాడు.

ఆ నిశ్శబ్దంలో నా కళ్లు బొండరెంకో మీదికి పోయాయి. ఆ రోజుల్లో మ్యాచ్ మధ్యలో కోచ్ వచ్చి మాట్లాడటానికి వీలు లేదు. గీత మీద పడ్డదా బయట పడ్డదా అని కంప్యూటర్‌ను అడగడమూ అప్పటికి రాలేదు. అంపైర్ మాటే మాట. తనకోసం చప్పట్లు కొట్టేవాళ్లు లేని ఊరిలో, ఆమె సర్వీసు నెట్‌కు తగిలితే జనం ఈలలు వేస్తుంటే, ఆ పిల్ల టవల్ నెత్తి మీద వేసుకుని కుర్చీలో కూర్చునేది. మళ్లీ లేచి వచ్చేది. ఆ ఈలలు నాకు నచ్చలేదు. అంపైర్ నిశ్శబ్దం పాటించండి అని అడుగుతూనే ఉన్నాడు. మన ఆడబిడ్డ గెలవాలని అరవడం వేరు, ఇంకొకరి బిడ్డ తడబడితే సంబరపడటం వేరు. అయితే మన జనానికి అప్పటికి టెన్నిస్ గ్యాలరీ కొత్త, క్రికెట్ గ్యాలరీయే అలవాటు. ఆ మాట కూడా చెప్పాలి.

మూడో సెట్ 6-3. సానియా గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ గెలుపుతో ర్యాంకు మొదటి 100 లోపలికి వచ్చింది. అదే ఏడు యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా పోయింది. 2007లో 27వ ర్యాంకు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఇవన్నీ మీకు తెలిసినవే. తెలియనిది బొండరెంకో సంగతి. 2008లో ఆమె, ఆమె చెల్లెలు కతెరీనా కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచారు. ఆ వార్త పేపర్లో ఏ మూలనో చిన్నగా వచ్చింది. నేను మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. "ఎవరీమె, మనకేం అయితది?" అని మా అమ్మ అడిగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ టోర్నమెంటు 2006లో బెంగళూరుకు పోయింది. 2008 నాటికి టియర్ టూ అయింది, సెరీనా వచ్చి గెలిచింది. ఆ తర్వాత అక్కడా లేకుండా పోయింది. మనకు పోయింది ఒక తమాషా మాత్రమే కాదు. ఇంటి దగ్గర చిన్న టోర్నమెంటు ఉంటే స్థానిక పిల్లలకు నిర్వాహకులు వైల్డ్ కార్డులు ఇస్తారు. విమానం టికెట్టు లేకుండా, హోటల్ ఖర్చు లేకుండా ర్యాంకింగ్ పాయింట్లు సంపాదించే దారి దొరుకుతుంది. అది లేకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. ఇప్పుడు మగపిల్లల ఐటీఎఫ్‌లో అట్టడుగు మెట్టు 15,000 డాలర్ల టోర్నమెంటు. అందులో సింగిల్స్ గెలిచినవాడికి 2,160 డాలర్లు. మొదటి రౌండ్‌లో ఓడినవాడికి 156 డాలర్లు. మన లెక్కలో పదమూడు వేల రూపాయలు అనుకోండి, అందులోంచి పన్ను కూడా పోతుంది. ఆ డబ్బుతో ఇంకో దేశం పోవాలి, వారం రోజులు ఉండాలి, తినాలి, రాకెట్‌కు తీగలు వేయించుకోవాలి. మన తెలుగువాడు సాకేత్ మైనేని 2014లో ఇండోర్‌లో చాలెంజర్ గెలిచాడు, అదే ఏడు ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చాడు. అట్లాంటివాళ్ల వెనక ఇటువంటి వారాలు ఎన్నో ఉంటాయి, పేపర్లో రానివి.

మనకు ఇంత దగ్గర్లో, మన మొయినాబాద్ మండలంలోనే, ముర్తుజాగూడలో సానియా మీర్జా టెన్నిస్ అకాడమీ ఉంది. 2013లో మొదలైంది. చిలుకూరు పోయే భక్తులకు తెలిసినంత మంది మన బడి పిల్లలకు అది తెలుసా అని పోయిన నెల ఎనిమిదో తరగతిలో అడిగాను. నలుగురు చేతులు ఎత్తారు. వాళ్లలో ఒక పాప, "సార్, లోపలికి పోనిస్తరా?" అని అడిగింది. అడుగుదాం బిడ్డా అన్నాను.

ఐటీఎఫ్ మ్యాచ్‌లకు సాధారణంగా టికెట్టే ఉండదు. ఫైనల్ రోజు కూడా గ్యాలరీలో ఆటగాళ్ల అమ్మానాన్నలు, కోచ్‌లు, ఓడిపోయి ఇంకా ఊరు వదలని మిగతా ఆటగాళ్లు, అంతే. చప్పట్లు కొడితే ఎవరు కొట్టారో ఆడేవాడు తలతిప్పి చూస్తాడు. పాయింట్ కోసం ఎవరు ఎంత ఏడుస్తున్నారో మొహంలో కనబడుతుంది. మన పిల్లలకు ఆట చూపించాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. బాల్ కిడ్స్‌గా చాలాచోట్ల దగ్గర్లోని బడుల పిల్లలనే తీసుకుంటారు. ఆ పని మన పిల్లలు చేయలేనిదేమీ కాదు. ఖోఖో ఆడేవాళ్లకు వంగి పరుగెత్తడం నేర్పక్కర్లేదు.

అందుకని మన పీఈటీ సారుతో మాట్లాడాను, ఆయన సరే అన్నారు. హైదరాబాద్‌లో ఈసారి ఐటీఎఫ్ టోర్నమెంటు పడినప్పుడు, సెమీఫైనల్ రోజున గానీ ఫైనల్ రోజున గానీ, ఎనిమిదో తరగతినీ తొమ్మిదో తరగతినీ తీసుకుపోదాం. బస్సు నేను మాట్లాడతాను, దాని ఖర్చు మా బ్యాచ్‌ది. పిల్లలతో రావడానికి నలుగురు పెద్దవాళ్లు కావాలి, అందులో ఇద్దరన్నా ఆడవాళ్లు ఉండాలి. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర మన కోశాధికారికి పేరు రాయించండి. టోపీ, నీళ్ల సీసా ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. ఈలలు మాత్రం ఇంట్లో పెట్టి రండి.