ఒక్క కేలరీ లెక్క

 

పట్టాలు అందుకుంటున్న మీకు సలహాలు చెప్పడం నాకు చేతకాదు. ఒక యంత్రం గురించి చెబుతాను. కరోనా రోజుల్లో రచ్చబండ దాకా వెళ్లిన మాట ఆర్టీపీసీఆర్. ఆ పీసీఆర్ చేసే పెట్టె పేరు థర్మల్ సైక్లర్.

ట్యూబును 95 డిగ్రీలకు వేడిచేస్తే డీఎన్ఏ జంట పోగులు విడిపోతాయి. 55 ప్రాంతానికి చల్లారిస్తే ప్రైమర్లనే చిన్న పోగు ముక్కలు వాటికి అతుక్కుంటాయి. 72 దగ్గర ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. ప్రతిసారీ రెట్టింపు. 30 సార్లు తిరిగేసరికి, లెక్క ప్రకారం, ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. 1983లో కేరీ ముల్లిస్‌కు ఈ ఊహ తట్టినప్పుడు యంత్రం లేదు. మొదట్లో మనుషులే ట్యూబుల్ని ఒక వేడినీళ్ల తొట్టెలోంచి ఇంకోదాంట్లోకి మార్చేవాళ్లు.

ఇప్పుడు చిన్న లెక్క. 25 మైక్రోలీటర్ల ద్రవం 40 డిగ్రీలు వేడెక్కాలంటే ఎంత కావాలి? ఒక్క కేలరీ. బిస్కెట్ ప్యాకెట్ మీద రాసే కేలరీ కాదు, అందులో వెయ్యో వంతు. ఆ ట్యూబు కూర్చునే అల్యూమినియం దిమ్మ 300 గ్రాములు ఉందనుకోండి, దానికి రెండున్నర వేల కేలరీలు. దిమ్మలోని 96 గుంటలూ నింపినా ద్రవానికి దక్కేది వంద లోపే. పైగా ఆ దిమ్మను చల్లార్చడానికి మళ్లీ కరెంటు, ఆవిరి పట్టకుండా మూతకు ఇంకో హీటరు. మనం బిల్లు కడుతున్నది లోహానికి. ప్లగ్గు పెడితే కరెంటు వచ్చే ల్యాబులో ఇది ఎవరికీ బాధ కాదు. కరెంటు నమ్మకం లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బాధే.

బెంగళూరు బిగ్‌టెక్, గోవా మోల్‌బయో తెచ్చిన ట్రూనాట్ అనే పీసీఆర్ పెట్టెలో ఆ దిమ్మ లేదు, చిన్న చిప్ మీదే వేడిచేస్తారు. అందుకే బ్యాటరీ సరిపోతుంది. ఎంజైముల్ని ఆరబెట్టి ఇస్తారు గనక డీప్ ఫ్రీజర్ గొడవా లేదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని టీబీ పరీక్షకు ఆమోదించింది. జపాన్‌వాళ్లు 2000లో ప్రకటించిన ల్యాంప్ పద్ధతి ఇంకా తెగువది. వేడి, చల్లార్పు అనే తిప్పుడే తీసేశారు. 65 డిగ్రీల దగ్గర ఒకే వేడి, అంతే. నా ఓటు దీనికే. ప్రైమర్లు కుదుర్చుకోవడం తలనొప్పే అనుకోండి.

అరచేతిలో పట్టే పెట్టె చేసి పర్యావరణహితం అని స్టిక్కరు అంటించడం తేలిక. పరీక్షకొక చిప్ చెత్తబుట్టలోకి పోతుంటే, ఆ చిప్ ఒక్క కంపెనీ దగ్గరే దొరుకుతుంటే, పాడైన పెట్టెను ఊళ్లో విప్పేవాడే లేకపోతే ఆ స్టిక్కరుకు అర్థం లేదు. 2011లో అమెరికాలో ఇద్దరు కుర్రాళ్లు ఆర్డుయినో బోర్డుతో ఓపెన్‌పీసీఆర్ అనే పెట్టె చేసి డ్రాయింగులన్నీ అందరికీ ఇచ్చేశారు. మెకానికల్ వాళ్లూ, ఈసీఈ వాళ్లూ ఓసారి తిరగేయండి.

ఇంకొకటి. మే నెలలో రెంటచింతలలో గది వేడే 45 ఉంటే, 55కి దిగాల్సిన దిమ్మకు మిగిలే తేడా పది డిగ్రీలే. ఫ్యాను ఎంత తిరిగినా చల్లారడం ఆలస్యమవుతుంది, బ్యాటరీ ముందే అయిపోతుంది. మీలో ఎవరైనా ఇలాంటి పీసీఆర్ పెట్టె చేస్తే, ఏసీ గదిలో తీసిన రీడింగులు వద్దు. అక్కడ మిట్టమధ్యాహ్నం తీసినవి పంపండి, చూడాలని ఉంది.