బొమ్మ కింద పేరు



మన గిరిజనుల బొమ్మలకు ఇవాళ బజారు ఉంది. గీసినవారి పేరు బొమ్మ కింద ఉందా అని మనమే చూసుకోవాలి.

భోపాల్ భారత్ భవన్‌లో చిత్రకారుడు స్వామినాథన్ గారు గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ బొమ్మలను, పేరుతో సహా, ఆధునిక చిత్రాల సరసన పెట్టారు. 1989లో అవి పారిస్ ప్రదర్శనకు చేరాయి. మంచి క్యూరేటర్ వల్ల మేలు అది. అదే జన్‌గఢ్ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియానికి బొమ్మలు గీస్తూ, ఇంటికి దూరంగా చనిపోయాడు. పిలుపు వస్తే సంతోషిద్దాం, షరతులు చదివాకే సంతకం పెడదాం.

1966లో మద్రాసు దగ్గర పణిక్కర్ గారూ తోటి కళాకారులూ బాతిక్ గుడ్డలు అమ్మిన డబ్బుతో స్థలం కొని, చోళమండలం అనే సొంత ఊరే కట్టుకున్నారు.

మన పాలకొల్లులో మనకు అంత స్థలం లేదు. హాస్టల్ గోడ ఉంది. అక్కడే ప్రదర్శన పెడదాం. పేరు, ఊరు, ధర మన చేత్తోనే రాద్దాం.