సరిహద్దున ఇచ్ఛాపురము



“ఇచ్ఛాపురమునుండి తడవరకు” అనుమాట మీరు వినియే యుందురు. మన కోస్తా పొడవును చెప్పవలసినపుడెల్ల మనవారీమాటనే వాడుదురు. ఆ కొసనున్న తడ సంగతి అటువారు చెప్పుదురుగాక. ఈ కొసనున్న యూరినిగూర్చి నేడు నాలుగుమాటలు మనవిచేసెదను.

శ్రీకాకుళము జిల్లాకు ఉత్తరపుటంచున, బాహుదానది చెంత ఇచ్ఛాపురమున్నది. ఆ నది ఒడిశా కొండలలో పుట్టి సుమారు 96 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచున్నది. అందు మన రాష్ట్రమున పారునది 18 కిలోమీటర్లు మాత్రమే. కావున ఎగువను వాన కురిసిన మనకు వరద. ఎగువను నీరు నిలిచిన మనకు ఇసుక. రైలులో బరంపురము దాటి ఉత్తరమునకు పోవువారికి కుడిప్రక్కను చిలికాసరస్సు కానవచ్చును. అందు ఉప్పునీరును మంచినీరును కలిసియున్నట్లే యీ ప్రాంతమున తెలుగును ఒడియాయును కలిసియున్నవి.

ఇచ్ఛాపురము పూర్వము శ్రీకాకుళపు సర్కారులో నొక భాగము. ఇంగ్లీషువారి కాలమున గంజాంజిల్లాలో, మదరాసు రాజధానిలో నుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడెను. గంజాంలో చాలభాగమును బరంపురమును అటుపోయినవి. ఇచ్ఛాపురము ఇటు నిలిచి విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము జిల్లా పుట్టినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము వచ్చినవి. ఇరువదియేండ్లలో ఆ యూరి యిల్లు అంగుళమైనను కదలలేదు. దాని చిరునామా మాత్రము మూడు జిల్లాలను, మూడు రాష్ట్రములను చూచినది!

ఈ గీత గీయుటకు ముందు ఓడొనెల్ గారి అధ్యక్షతన నొక సంఘము విచారణ జరిపి 1932లో నివేదిక నిచ్చెను. వాదమంతయు భాషల లెక్కపైననే నడచినది. తల్లి ఒడియా, తండ్రి తెలుగు, సంతలో రెండును మాటలాడువానిని గణకుడు “నీ మాతృభాష యేది?” యని యడిగిన వాడేమి చెప్పవలెను? కాగితముమీద గడి యొక్కటియే యుండును. ఇట్టి జవాబులపై ఊళ్ల గతి నిర్ణయమగుట నాకెన్నడును సమంజసముగ తోచలేదు. అయినను అంతకుమించిన కొలబద్దను ఆనాడెవరును చూపలేదనుటయు నిజమే.

పర్లాకిమిడి కథ మరింత బాధాకరము. అచట అర్ధశతాబ్దికిపైగా నివసించి, సవరభాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తిపంతులుగారు, ఆ పట్టణము ఒరిస్సాలో చేరుటతో 1936లో దానిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. అప్పటికి వారికి డెబ్బదియేండ్లు దాటినవి.

పోయినవారు కొందరు, ఉన్నచోటనే యుండి పొరుగురాష్ట్రమువారైనవారు అనేకులు. బరంపురమున నేటికిని తెలుగు వినబడును, రాష్ట్రపతి వి.వి.గిరిగారు పుట్టినది ఆ యూరనే. ఇచ్ఛాపురమువైపున ఒడియా పాఠశాలలున్నవి. పిల్లనిచ్చుటయు తెచ్చుకొనుటయు గీతకు రెండువైపులను సాగుచునేయున్నవి.

కడపటి మనవి యొకటి. మీ పెట్టెలలో “గంజాంజిల్లా” యని వ్రాసిన పాత దస్తావేజులున్నచో వానిని చెదలకు విడువకుడు. చదువుకొన్న మనుమనిచేత నకలు వ్రాయించి, అవతలనున్న జ్ఞాతులకును ఒక ప్రతి పంపుడు.