వ్యవసాయ విద్యయు రైతుబిడ్డయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



దుక్కి దున్నుట నేర్చుటకు కళాశాల యెందుకని పల్లెలలో పెద్దలు నేటికిని అడుగుచుందురు. తాత మేడి పట్టెను, తండ్రి మేడి పట్టెను. వారిలో ఒక్కరికిని పట్టము లేదు, గాదెలు మాత్రము నిండినవి. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నాలుగేండ్లు బిడ్డను ఊరు విడిపించి, అప్పో సప్పో చేసి చదివించు రైతునకు ఆ ప్రశ్న వేయు హక్కు సంపూర్ణముగా కలదు.

తెలుగునాట ఈ విద్యకు వయస్సు తక్కువ. మద్రాసు రాజధాని కాలమున సైదాపేటలో మొలకెత్తిన వ్యవసాయ విద్య ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దమున కోయంబత్తూరు చేరి అచట స్థిరపడినది. గోదావరి గట్టు రైతుబిడ్డకైనను, కర్నూలు రేగడి రైతుబిడ్డకైనను పట్టము కావలెనన్న అంతదూరము పోవలసియుండెను. 1945లో బాపట్లలో కళాశాల వెలసిన తరువాతగాని ఆ యిబ్బంది తీరలేదు. మరుసటి సంవత్సరమే హైదరాబాదు సంస్థానమున ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రింద మరియొక కళాశాల ఏర్పడినది. 1961లో తిరుపతి కళాశాల వచ్చినది. వీనినెల్ల ఒక్క గొడుగు క్రిందికి చేర్చి 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమును స్థాపించిరి. మరుసటి మార్చినెలలో నాటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దానిని లాంఛనముగా ప్రారంభించిరి. 1996లో దానికి నిడుబ్రోలు రైతునాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టిరి. 2014లో రాష్ట్రము రెండు కాగా విశ్వవిద్యాలయమును రెండైనది: రాజేంద్రనగరులోనిది ప్రొఫెసర్ జయశంకర్ పేరును ధరించినది, రంగా పేరిటిది గుంటూరు చెంత లాము చేరినది.

పేర్ల చరిత్ర ఇంతటితో చాలును. ఇందులో గ్రహింపదగిన విషయము వేరొకటి కలదు. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు పనులు ఒకే సంస్థ చేతిలో నుండవలెనను భావము అమెరికా దేశమున పుట్టినది. అచట 1862లో చట్టము చేసి, వ్యవసాయ కళాశాలల నిమిత్తము రాష్ట్రములకు భూములిచ్చిరి. భారతదేశమున ఆ మాదిరి తొలి విశ్వవిద్యాలయము 1960లో పంత్‌నగరున వెలసినది. పాఠము చెప్పు గురువే పరిశోధన మడిలో దిగి బురద త్రొక్కవలెను, ఆయనయే రైతుల యెదుట నిలిచి సమాధానము చెప్పవలెను. ఈ మూటిలో ఒకటి తగ్గినను తక్కిన రెండును పొల్లుగింజలే.

విద్యార్థి నాలుగేండ్లలో చదువు శాస్త్రములు పెక్కు. సస్యశాస్త్రము, మృత్తికాశాస్త్రము, కీటకశాస్త్రము, తెగుళ్ల శాస్త్రము, ప్రజననము, ఉద్యానము, అర్థశాస్త్రము, విస్తరణ: ఈ పట్టిక విన్నంతమాత్రమున రైతునకు ఏమియు తెలియదు. ఒక్క చౌడు సంగతి విచారించిన తెలియును.

రైతు చౌడును రెండు విధములుగా చెప్పును: పాలచౌడు, కారుచౌడు. ఎండకాలమున నేలపై సున్నము చల్లినట్లు తెల్లని పొర పేరుకొన్న అది పాలచౌడు. నేల నల్లబడి, తడిసిన జిగురై, ఎండిన రాయియై, కురిసిన వాన దిగక పైననే నిలిచిన అది కారుచౌడు. ఈ రెండు పేర్లను పెట్టినది ఏ ప్రయోగశాలయు కాదు. తరతరముల రైతుల కన్ను పెట్టినది. ఆ కన్ను తప్పలేదు. పాలచౌడులో నీట కరగు లవణములు అధికము. కారుచౌడులో సోడియము బంకమట్టి రేణువులను పట్టుకొని వదలకుండును. ఆ రేణువులు చెదరి మట్టి రంధ్రములను మూసివేయుటచే నీరు దిగదు. మొదటిదానికి మందు మంచినీరే: గట్లు వేసి, మడి నిండ నీరు పెట్టి, ఆ ఉప్పునీటిని మురుగుకాలువకు వదలవలెను. రెండవదానికి ఎంత నీరు పెట్టినను ఫలము లేదు. ముందు జిప్సము వేయవలెను. అందలి కాల్షియము సోడియమును త్రోసివేయును; అపుడుగాని నీరు దానిని కడిగి తీసికొనిపోజాలదు. ఆపైన జీలుగయో జనుమో చల్లి పూతదశలో కలియదున్నిన నేల గుల్లబారును.

పాలచౌడులో జిప్సము పోసిన రైతునకు డబ్బు దండుగ. కారుచౌడును నీటితో మాత్రమే కడిగిన రైతునకు కాలము దండుగ. రెండు చౌడులును కలసియున్న నేలలు కూడ కలవు. అచట కన్ను చాలదు, మట్టి పరీక్షయే శరణ్యము. ఆ పరీక్షకు మట్టి తీయుటయు ఒక విద్యయే. గట్ల ప్రక్కనుండి, చెట్ల నీడనుండి, పెంటకుప్పలు వేసిన చోటునుండి తీయరాదు. పొలమున ఎనిమిది పది తావులలో ఆరంగుళముల లోతున ‘వి’ ఆకారపు గుంట త్రవ్వి, అంచునుండి పైనుంచి క్రిందివరకు మట్టి గీసి, అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములు తీసివేయుచు అరకిలో మిగిల్చి పంపవలెను. ఒక్కచోట పిడికెడు మన్ను తీసి పొట్లము కట్టిన, పరీక్షాఫలితము ఆ పిడికెటికే చెల్లును, పొలమునకు చెల్లదు.

విత్తనము మాట కొంత. సన్నబియ్యమన్నంతనే అందరి నోటను వచ్చు సాంబ మసూరి, బి.పి.టి. 5204, బాపట్ల పరిశోధన ఫలము, 1986లో విడుదలయైనది. బువ్వ బాగు, ధర బాగు, కాని అగ్గితెగులునకును, బాక్టీరియా ఎండాకు తెగులునకును లొంగును. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును, వరి పరిశోధన సంచాలకాలయమును కలిసి ఎండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులను ఆ వంగడమున ప్రవేశపెట్టగా 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి వచ్చినది. మారుటేరు నుండి 1982లో వచ్చిన స్వర్ణ కథ ఇంకను విచిత్రము. వరదలో మునిగిన అది కుళ్లును. దానికి ముంపును ఓర్చు గుణమును ఇచ్చినది ఒడిశా రైతులు ఎంతోకాలముగా కాపాడుకొన్న ఒక నాటు వరి. ఆ గుణముతో 2009లో వచ్చిన స్వర్ణ-సబ్ 1 రెండు వారముల వరకు మునిగియున్నను తేరుకొనును. చదువురాని రైతు గింజను దాచిపెట్టెను. చదివినవారు ఆ గింజలోని గుణమెచటనున్నదో కనుగొనిరి. తాతకు పట్టము లేదన్న పెద్దలు ఇచట కొంత గర్వింపవచ్చును.

ఇక నీరు. పంట పెంచుటను మాత్రమే నేర్పి నీటి లెక్క నేర్పని వ్యవసాయ విద్య సగము విద్య. హరితవిప్లవపు తొలి దినములలో ఈ లెక్క వెనుకబడిన మాట కాదనలేము. ఎకరముపై ఒక్క అంగుళము వాన కురిసిన, అది సుమారు లక్ష లీటర్ల నీరు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియునది దాదాపు 550 మిల్లీమీటర్లు, అనగా ఎకరమునకు సుమారు 22 లక్షల లీటర్లు. వేరుశనగకు సుమారు 500 మిల్లీమీటర్లు చాలును. వరికి 1,200 మిల్లీమీటర్లు, అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లు కావలెను. బోరు క్రింద ఎకరము వరి వేసిన రైతు రెండెకరములపై కురిసిన యావత్తు వానకంటె అధికముగా వాడుచున్నాడు. వరిమడి నీటిలో కొంత మరల భూమిలోనికి దిగుననుట నిజమే. కాని కురిసిన వానలో భూగర్భమునకు చేరునది స్వల్పభాగము మాత్రమే యనుటయు అంతే నిజము. అందుచేతనే ఒకరి బోరు ఎండగా ప్రక్కవాడు ఇంకను లోతునకు వేయుచున్నాడు, అతని వెనుక మరియొకడు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో చట్టము వచ్చినది. కాగితముపైనున్న బలము దానికి బోరుబండి యెదుట లేదు.

చట్టముకంటె లెక్క మేలుగా పనిచేసిన సందర్భమొకటి కలదు. 2000 తరువాతి దశాబ్దమున ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకము నడచినది. స్త్రీలును పురుషులును వర్షమాపకము చదువ నేర్చిరి, బావులలో నీటిమట్టమును క్రమము తప్పక కొలిచిరి, రబీకి ముందు ఊరంతయు కూర్చుండి నీటి జమాఖర్చులు వ్రాసిరి. ఇంత నీరున్నది, ఇన్ని ఎకరముల వరికి ఇంత పోవును, చాలదు. ఈ పైరు వేయరాదని ఎవరిని ఎవ్వరును శాసింపలేదు. గోడమీది అంకెను చూచి పెక్కుమంది తామే పైరు మార్చుకొనిరి. వనరుల నిర్వహణమని విశ్వవిద్యాలయమున పెద్దపేరుతో బోధించునది ఈ జమాఖర్చే.

నాలుగవ యేట విద్యార్థులు కొంతకాలము పల్లెలలో నివసింపవలెనను నియమము కలదు. ఒక్కొక్కరు ఒక్కొక్క రైతును ఆశ్రయించి ఆయన వెంట పొలమునకు పోవుదురు. వీధిలో ముగ్గుపిండితో, రంగులతో ఊరి పటము వేయించి, చెరువెచట, చౌడెచట, బోర్లెచట అని ఊరివారిచేతనే గుర్తింపజేయుదురు. పాఠములు ఆంగ్లమున విన్న బిడ్డకు ఇచటనే అసలు పరీక్ష. పుస్తకమున చదివిన మాట రైతు నోట గరప, చెలక, దుబ్బ, ఒండ్రు అని వినబడును. ఆ రెండు మాటలను కలుపలేని విద్యార్థికి ఎన్ని మార్కులు వచ్చినను ఊరికి లాభము లేదు. కొందరు ఈ కాలమును సెలవులవలె గడపుదురనుటయు దాచనక్కరలేదు. ఊరివారు కూడ వారిని చుట్టములవలె మర్యాద చేసి పంపుదురేకాని ప్రశ్నలు వేయరు. ప్రశ్నలు వేసిన వారును చదువుదురు.

చదివినవాడు తిరిగి వచ్చునా? పెక్కుమంది రారు. వ్యవసాయాధికారులు, బ్యాంకులలో క్షేత్రాధికారులు, విత్తన సంస్థల ఉద్యోగులు అగుదురు. కొందరు పైచదువులకు దేశాంతరములు పోవుదురు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడినపుడు గ్రామ వ్యవసాయ సహాయకులను నియమించుటచే కొందరు పల్లెగడప త్రొక్కిరి. సొంతపొలము దున్నుటకు వచ్చినవారు అరుదు. దీనికి బిడ్డను నిందించి లాభము లేదు; తనకు ఈ కష్టము వద్దని వానిని చదువునకు పంపినది తండ్రియే. పదవతరగతి పిమ్మట రెండేండ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ చదువు కలదనియు, దానిమీదుగా పట్టమునకు పోవు దారి కలదనియు, పట్టపు చదువులో రైతుబిడ్డలకు కొన్ని స్థానములు ప్రత్యేకించియుందురనియు ఎరుగని తల్లిదండ్రులు ఇంకను ఉన్నారు. ఆ ప్రకటనలు వెలువడు దినములలో గ్రంథాలయపు గోడపై వానిని అతికించుట పెద్దపని కాదు.

విశ్వవిద్యాలయము ఏటేట వెలువరించు వ్యవసాయ పంచాంగము ఈ బీరువాలలో ఉండవలెను. అది తాళము వేసిన బీరువాలో కాక, దినపత్రికలతోపాటు బల్లమీద నుండిన మంచిది. దానికి తోడుగా ఒక వర్షమాపకము. చెట్టునీడయు గోడచాటును లేని జాగా దానికి కావలెను. గ్రంథాలయ ఆవరణమున తూర్పుభాగము అందుకు తగినదేమో కార్యవర్గమువారు చూడవలెను. ఉదయము ఎనిమిదిన్నరకు కొలత తీయుట వాడుక. బడికి పోవు పిల్లలు వంతులవారీగా ఆ పని చేయగలరు. వాకిట నల్లపలకపై తేదీ, కురిసిన వాన, ఊరిబావిలో నీటి లోతు: ఈ మూడంకెలు వచ్చు జూన్ మొదటి దినమునుండియే వ్రాయవచ్చును.