ఉబ్బే ఇటుక, పగిలే ఉక్కు

కాగితం మిల్లు ఉన్న ఊరివాళ్ళకి బ్లాక్ లిక్కర్ సంగతి తెలియనిది కాదు. కర్ర ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడులతో ఉడికించి గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రవం అది. దాన్ని చిక్కబరిచి రికవరీ బాయిలర్లో కాలిస్తే ఆవిరి వస్తుంది, సోడా తిరిగి చేతికొస్తుంది. పూర్తిగా కాల్చకుండా, చాలీచాలని ఆక్సిజన్‌తో గ్యాసుగా మారిస్తే ఇంకా ఎక్కువ కరెంటు తీయొచ్చునన్నది ఆశ. ఆశకేం, బాగానే ఉంది. ఆ మంటని తట్టుకునే పాత్ర ఏదీ?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, న్యూ బెర్న్ మిల్లులో 1990ల చివర్లో స్వీడన్ వారి కెమ్‌రెక్ పద్ధతి గ్యాసిఫయర్ పెట్టారు. లోపల 950 డిగ్రీల పైచిలుకు వేడి. కరిగిన సోడియం కార్బొనేటు, సల్ఫైడు గోడల వెంట కారుతుంటాయి. లోపలివైపు ఇటుక వరస, బయట స్టెయిన్‌లెస్ స్టీలు షెల్లు. 2000లో ఆ షెల్లుకి పగుళ్ళు కనిపించి యూనిట్ ఆపేశారు. 2003లో మళ్ళీ నడిపినప్పుడు వేసింది మామూలు కార్బన్ స్టీలు.

ఖరీదైనది తీసేసి చవకది వేయడమేమిటంటారా? వేడి క్షారం తగులుతూ, పైగా లాగే ఒత్తిడి కూడా ఉంటే స్టెయిన్‌లెస్ అరగదు, చీలుతుంది. అరుగుదలనైతే మీటరు పెట్టి మందం కొలుచుకోవచ్చు. పగులు అలా చెప్పి రాదు. కార్బన్ స్టీలుకీ క్షారపు పగులు లేకపోలేదు. అందుకే వెల్డింగు ఒత్తిళ్ళు తీసేయాలి.

అసలు కథ ఇటుకది. అల్యూమినా, సిలికా కలిసిన ముల్లైట్ ఇటుకని ఆ కరిగిన సోడాలో ముంచి తీసి, రంపంతో కోసి చూడండి. సోడియం చొరబడినంత మేరా కొత్త ఖనిజం పుట్టి, ఉబ్బి, పొరలుగా రాలుతుంది. వానాకాలంలో తలుపు చెక్క దారబంధంలో బిగుసుకున్నట్టు, ఉబ్బిన వరస షెల్లుని నెడుతుంది. కాబట్టి ఇటుక ఎంపికతో పాటు, అది పెరగడానికి వెనకాల ఖాళీ వదలడమూ డిజైన్‌లో భాగమే. నన్నడిగితే, దీనికే ఎక్కువ బుర్ర పెట్టాలి.

ముల్లైట్ కన్నా మెరుగనిపించింది అల్యూమినాని కరిగించి అచ్చుపోసిన దిమ్మ. రంధ్రాలు తక్కువ, సోడా ఇంకే దారి తక్కువ. అందులోని బీటా రకంలో సోడియం ముందే ఉంటుంది కనుక కొత్తగా పీల్చుకునే తపనా తక్కువే. గాజు కొలిమిలవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్నదే. అయితే ఖరీదెక్కువ, బరువెక్కువ. గబగబా వేడెక్కిస్తే పగులుతుంది కూడా. గ్యాసిఫయర్ని నింపాదిగా వేడి చెయ్యాల్సిందే, మేనేజరు ఎంత తొందరపెట్టినా.