భక్తుడును యోధుడును: సార్జెంటు ఆల్విన్ యార్క్

అమెరికా దేశపు టెన్నెసీ రాష్ట్రమున, ఊల్ఫ్ నది పారు కొండలోయలో పాల్ మాల్ అను కుగ్రామము కలదు. అచ్చట 1887 డిసెంబరు 13వ తేదీన ఒక బీద రైతు కుటుంబమున ఆల్విన్ యార్క్ జన్మించెను. పదునొకండుగురు బిడ్డలలో ఆయన మూడవవాడు. తండ్రి సేద్యమునకు తోడు కమ్మరి కొలిమి నడిపి ఇల్లు గడపెను. ఆల్విన్ బడికి పోయిన దినములన్నియు కూడినను ఒక సంవత్సరమునకు చాలవు. వేటలో మాత్రము గురి తప్పనివాడని చుట్టుపట్ల పేరు పొందెను.

1911లో తండ్రి గతించుటతో ఇంటి భారము ఆయనపై బడెను. పగలంతయు కష్టించువాడే, కాని తీరిక దొరకెనా, త్రాగుడు, జూదము, కొట్లాటలు. తల్లి వేడుకోలు ఫలించుటకు కొన్ని యేండ్లు పట్టెను. 1915లో ఆ దురలవాటుల నన్నిటిని విడనాడి ఊరి చిన్న చర్చిలో చేరెను. పిమ్మట అచ్చటనే సండే స్కూలు పాఠములు చెప్పెను, కీర్తనలు పాడించెను, సంఘపు పెద్దలలో ఒకడాయెను. గ్రేసీ విలియమ్స్ అను కన్యపై ఆయనకున్న అనురాగము కూడ ఈ మార్పునకు కొంత కారణమని చెప్పుదురు. అది విశ్వాసమునకు కొరత యని మేము తలపము.

1917లో అమెరికా మహాయుద్ధమున ప్రవేశించి యువకుల పేర్లు నమోదు చేయసాగెను. నరహత్య పాపమని గ్రంథము చెప్పుచుండ తుపాకి పట్టుట యెట్లు? తనకు పోరాడ నిష్టము లేదని యార్క్ నమోదు పత్రముపై వ్రాసెను. మినహాయింపు కోరుచు పెట్టుకొన్న దరఖాస్తులు త్రోసివేయబడెను. ఆ సంఘమునకు బైబిలే నియమావళి. యుద్ధమును నిషేధించుచు ప్రత్యేకముగా వ్రాసికొన్న సూత్రమేదియు లేదు గనుక అధికారు లంగీకరింపలేదు.

జార్జియాలోని గోర్డన్ శిబిరమున ఆయన తన సంశయమును పై అధికారులకు దాచక చెప్పెను. ఇచ్చట మేము ప్రత్యేకముగా మెచ్చునది ఆ అధికారుల వర్తనము. కెప్టెన్ డాన్‌ఫర్త్, మేజర్ బక్స్‌టన్ ఆయనను శిక్షింపలేదు, హేళన చేయలేదు. బైబిలు వాక్యమునకు బైబిలు వాక్యము చూపుచు రాత్రి చాలసేపు ఆయనతో చర్చించిరి. అప్పటికిని సంశయము తీరకపోగా, ఇంటికి పోయి ఆలోచించుకొని రమ్మని సెలవిచ్చిరి. యార్క్ కొండలలో ఏకాంతముగా ప్రార్థన చేసి, దేవుడు తన్ను కాపాడునను నిశ్చయముతో మరలి వచ్చెను.

1918 అక్టోబరు 8వ తేదీన ఫ్రాన్సులోని ఆర్గోన్ అరణ్యమున, షాటెల్ షేహెరీ గ్రామసమీపమున, పదునేడుగురు అమెరికను సైనికులు శత్రువుల వెనుకకు చేరిరి. అంతలో కొండపైనుండి మరతుపాకులు ప్రేలెను. ఆరుగురు కూలిరి, మువ్వురు గాయపడిరి. మిగిలినవారికి కార్పొరలు యార్కే పెద్ద యాయెను. ఆయన ఒక్కొక్కరినే గురిచూచి పడగొట్టుచు, లొంగిపొండని నడుమ నడుమ కేకలు వేయుచుండెను. అక్కరకు మించి ఒక్క ప్రాణమైనను తీయుట ఆయన కిష్టము లేదు. తుదకు ఒక జర్మను అధికారి తనవారిచే ఆయుధములు దింపించెను. ఆనాటి ఖైదీలు 132 మంది. ఈ లెక్కను లోకమంతయు నెరుగును. ఆయన దినచర్యలోని మరియొక మాటను తక్కువమంది యెరుగుదురు: మరునాడు ఆ చోటికి మరల పోయి, ప్రాణముతో మిగిలినవా రెవరైన నుందురేమోయని వెదకి, మృతులైన తనవారి కొరకు ప్రార్థించెను, జర్మనుల కొరకును ప్రార్థించెను.

అత్యున్నత శౌర్యపతకముతో 1919లో స్వదేశము చేరగా న్యూయార్కు నగరము ఊరేగించెను. వర్తకులు ధనము చూపిరి. తన సైనికవస్త్రములు అమ్మకమునకు కావని చెప్పి, యార్క్ పాల్ మాల్‌కు పోయి జూన్ 7వ తేదీన గ్రేసీని వివాహమాడెను. రాష్ట్ర గవర్నరే ఆ పెండ్లి జరిపించెను. వారి కుమారులలో ఒకనికి బక్స్‌టన్ పేరు పెట్టుకొనిరి.

తనకు దొరకని చదువు కొండపల్లెల బిడ్డలకు దొరకవలెనని ఆయన జేమ్స్‌టౌన్‌లో పాఠశాల స్థాపించెను. పిల్లలను చేరవేయు బస్సుల ఖర్చునకై సొంత పొలమును తాకట్టు పెట్టెను. ఆ పాఠశాల నేటికిని నడుచుచున్నది. సినిమావారిని ఏండ్ల తరబడి నిరాకరించి, బైబిలు పాఠశాలకు ధనము కూర్చుటకై తుదకు ఒప్పుకొనెను. 1941లో వెలువడిన ఆ చిత్రమున గ్యారీ కూపర్ ఆయన పాత్ర ధరించి ఆస్కారు పొందెను. ఆ రాబడిపై పుట్టిన పన్ను తగాదా మాత్రము ఆయనను చాలకాలము వేధించి, 1961లో ప్రజల చందాలతో తీరెను. గురి తప్పని ఆ కన్ను ఖాతాపుస్తకములపై నిలువలేదు కాబోలు. పైగా అడిగినవారికి కాదనలేని స్వభావము!

రెండవ ప్రపంచయుద్ధమున మరల సైన్యమున చేరబోగా వయస్సును, అనారోగ్యమును అడ్డు తగిలెను. అప్పుడు తన జిల్లాలోని సైనిక నమోదు సంఘమున పనిచేసెను. ఒకనాడు పోరాడ నిష్టము లేదని వ్రాసిన చేయి, ఇరుగుపొరుగు బిడ్డల పేర్లను సైన్యమునకు పంపవలసివచ్చెను. ఆ పని ఆయనకు సులువై యుండదని మా తలంపు.

1954లో పక్షవాతము వచ్చి మంచము పట్టెను. నాష్‌విల్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో 1964 సెప్టెంబరు 2వ తేదీన, తన 76వ యేట, కన్నుమూసెను. ఊల్ఫ్ నది ఒడ్డున స్వగ్రామపు శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి. 1984లో గ్రేసీయు ఆయన ప్రక్కకే చేరెను.